చీటీల లెక్క తేలకుండా సాక్ష్యం వద్దన్నాను: ఒక మారుమనస్సు కేసు

ఇది నేను పాస్టరుగా ఉన్న సంఘంలో, అంటే మా చర్చిలో, జరిగిన కేసు. సంబంధించిన మనిషి, ముఖ్యంగా అతని భార్య, రాయమన్న తర్వాతే రాస్తున్నాను. వృత్తి, కొన్ని అంకెలు, కొన్ని సంబంధాలు మార్చేశాను కాబట్టి ఒంగోలు వైపు వాళ్ళెవరైనా చదివితే ఫలానా ఆయనేమో అని వెతక్కండి, దొరకడు. తోటి కాపరులు, సంఘ పెద్దలు చదువుతారనే ఉద్దేశంతో వివరంగా రాస్తున్నాను.

నా వాదన ముందే చెప్పేస్తాను. సాటి మనుషుల్ని మోసం చేసిన పాపం విషయంలో ఒప్పుకోలు దేవుడి దగ్గర మొదలవ్వాలి, అందులో అనుమానం లేదు. కానీ అక్కడి నుంచి నేరుగా సాక్ష్యం చెప్పడానికి, అంటే దేవుడు నన్నిలా మార్చాడని అందరి ముందు చెప్పుకోవడానికి, మైకు దగ్గరికి వెళ్ళకూడదు. మధ్యలో దెబ్బతిన్నవాళ్ళ గుమ్మాలు ఉన్నాయి. మన సంఘాల్లో ఈ మధ్య మెట్టే ఎగిరిపోతోంది.

మనిషి, అప్పు

వయసు నలభై దాటింది, పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. కరెంటు పనుల కాంట్రాక్టులు చేసేవాడు. సంఘంలో కీబోర్డు వాయించేవాడు, క్రిస్మస్ స్టార్ కట్టాలన్నా, కూటాలకి సౌండ్ సిస్టం మాట్లాడాలన్నా అందరూ ఇతన్నే పిలిచేవాళ్ళు. ఆ నమ్మకం మీదే చీటీలు మొదలుపెట్టాడు. ఇరవై మంది సభ్యులు, నెలకి ఐదువేలు, లక్ష రూపాయల చీటీ, అలాంటివి రెండు. సభ్యుల్లో సగం పైన మా సంఘం ఆడవాళ్ళే. టైలరింగ్ చేసేవాళ్ళు, అంగన్‌వాడీలో పనిచేసేవాళ్ళు, కొడుకు పంపే డబ్బు మీద బతికే ఒక విధవరాలు. 1982 చిట్‌ఫండ్స్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా చీటీ నడపడమే తప్పని వీళ్ళెవరికీ తెలీదు, తెలిసినా పట్టించుకునేవాళ్ళు కాదు. మన ఊళ్ళలో చీటీ నడిచేది కాగితం మీద కాదు, మొహం మీద.

మొదట ఐపీఎల్ బెట్టింగ్, తర్వాత ఫోన్లో రమ్మీ. ఆంధ్రప్రదేశ్‌లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని, బెట్టింగ్‌ని 2020లోనే నిషేధించారు, 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది, కానీ ఆడాలనుకున్నవాడికి దారులు ఎప్పుడూ ఉన్నాయి. ఒక నెల చీటీ పాడుకున్నామెకి ఇవ్వాల్సిన డబ్బు పోగొట్టాడు. వచ్చే నెల వసూళ్ళతో ఆమెకి సర్దాడు. అక్కణ్ణుంచి ప్రతి నెలా వెనక నెల గుంట పూడ్చడమే పని. పద్నాలుగో నెలకి ఇక సర్దలేక పాట ఆపేశాడు. చీటీ ముందే ఎత్తేసినవాళ్ళకి ఏమీ కాలేదు, చివర్లో ఎత్తుకుందాం, పిల్ల పెళ్ళికి పనికొస్తుందని ఓపిగ్గా కట్టినవాళ్ళే మునిగారు. చీటీ మోసాల్లో ఎక్కువ నష్టపోయేది ఎప్పుడూ ఎక్కువ ఓపికపట్టినవాళ్ళే.

ఆ రోజుల్లోనే ఉజ్జీవ కూటాలు, అంటే విశ్వాసాన్ని మళ్ళీ రగిలించే ప్రత్యేక సభలు, జరిగాయి. రెండో రాత్రి పిలుపు ఇచ్చినప్పుడు ఇతను ముందుకొచ్చి మోకాళ్ళ మీద పడి చాలాసేపు ఏడ్చాడు. అది నాటకం కాదు, నేను పక్కనే ఉన్నాను. మర్నాడు పెద్దలు ఇద్దరు వచ్చి, ఆదివారం సాక్ష్యం చెప్పిద్దాం అయ్యగారూ, యవ్వనస్థులకి మేలు జరుగుతుంది అన్నారు. వాళ్ళలో ఒకాయన భార్య కూడా చీటీ సభ్యురాలే, ఆవిడకి ఇంకా విషయం తెలీదు. ఆ ఒక్క సంగతి చాలు నేను ఆగడానికి. ఆదివారం ఆమె కుర్చీలో కూర్చుని, తన డబ్బు పోయిన సంగతి సాక్ష్యంలో వింటుందన్నమాట, అందరూ హల్లెలూయ అంటుంటే ఆమె కూడా అనాలి!

వద్దన్నాను. పెద్దలకి నచ్చలేదు. ఆత్మ పని చేస్తుంటే ఆపడమేంటన్నారు. మా జిల్లా చరిత్రలోంచే ఒక ముచ్చట గుర్తుచేశాను. 1876-78 కరువులో బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. బాప్తిస్మం ఇవ్వమని జనం అడుగుతున్నా, కరువు పని నడిచినంత కాలం ఇవ్వలేదు, కూటికోసం వచ్చారన్న మాట రాకూడదని. పని అయిపోయాక, 1878 జూలై 3న గుండ్లకమ్మలో వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు ఇచ్చారు. ఆపితే ఆత్మ పారిపోదని ఆ నది దగ్గర పుట్టి పెరిగిన మనకి ఇంకొకరు చెప్పాలా అన్నాను. ఒప్పుకోలేదు గానీ ఊరుకున్నారు.

"నీకు కేవలము నీకే విరోధముగా"

మొదటిసారి కూర్చున్నప్పుడు అతను వాడిన మాటలు నోట్సులో రాసుకున్నాను. "పొరపాటు జరిగిపోయిందయ్యగారూ", "సాతాను నన్ను వాడుకున్నాడు", "డబ్బు అలా కరిగిపోయింది". ఇన్ని వాక్యాల్లో నేను చేశాను అన్నది ఒక్కటీ లేదు. ఆడవాళ్ళ పేర్లు ఒక్కటీ లేవు. వాళ్ళకి ఎప్పుడు చెబుతావు తమ్ముడూ అని అడిగితే యాభై ఒకటో కీర్తన తీశాడు: "నీకు కేవలము నీకే విరోధముగా నేను పాపము చేసియున్నాను". పాపం దేవుడికి విరోధంగా చేశాను, దేవుడు క్షమించాడు, నాకు సమాధానం వచ్చింది, ఇక మనుషులకి మెల్లగా సర్దుకుంటాను అన్నాడు.

ఈ వచనాన్ని ఇలా అడ్డం పెట్టుకోవడం నేను చాలాసార్లు చూశాను, కాబట్టి దీని మీద కొంచెం ఆగుతాను. దావీదు రాజు ఊరియా భార్యని తీసుకుని, అతన్ని యుద్ధంలో చంపించాడు. దావీదు ఆ మాట అన్నది ప్రవక్త నాతాను వచ్చి "ఆ మనుష్యుడవు నీవే" అని మొహం మీద చెప్పాక. అప్పటికి ఊరియా చచ్చిపోయాడు, వెళ్ళి కాళ్ళు పట్టుకుందామన్నా మనిషి లేడు. నీ చీటీ సభ్యులు బతికే ఉన్నారు, రెండు వీధుల అవతలే ఉన్నారు. సంఖ్యాకాండం ఐదో అధ్యాయంలో ధర్మశాస్త్రం ఏం చెబుతోంది? మనిషికి అన్యాయం చేసినవాడు యెహోవాకే ద్రోహం చేసినట్టు అంటుంది, నువ్వన్నది నిజమే. కానీ ఆ వెంటనే, పాపం ఒప్పుకుని, తీసుకున్న అసలు, దాని మీద ఐదోవంతు కలిపి ఎవరికి అన్యాయం చేశాడో వాళ్ళకే ఇవ్వాలంటుంది. దేవుడికి విరోధమైన పాపం కాబట్టే మనిషికి కట్టాలి. ఇక ప్రభువు మాటైతే ఇంకా సూటిగా ఉంది, బలిపీఠం దగ్గర అర్పణ పెడుతూ నీ సహోదరుడికి నీమీద ఏదో ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలేసి ముందు వెళ్ళి సమాధానపడమన్నాడు. నువ్వు కీబోర్డు వదిలేసి వెళ్ళు అన్నాను.

ఇది క్రియల మూలంగా రక్షణ, అంటే మనం చేసే పనుల వల్లే దేవుడు రక్షిస్తాడు, అని బోధించడం కాదా అని ఒక పెద్ద తర్వాత నన్ను అడిగాడు. మంచి ప్రశ్నే. లూకా సువార్తలో సుంకాలు వసూలుచేసే జక్కయ్య విషయం చూడండి, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. తనంతట తాను ఒప్పుకున్నవాడు అసలుకి ఐదోవంతు కలిపితే ధర్మశాస్త్రానికి సరిపోతుంది. నాలుగంతలు అనేది నిర్గమకాండం ఇరవై రెండులో గొర్రె దొంగిలించి అమ్మేసినవాడికి వేసే లెక్క. జక్కయ్య తనకి తాను దొంగ లెక్కే వేసుకున్నాడు, ఎవరూ అడగకుండా. యేసు అతని ఇంటికి వస్తాననేది ముందు, ఈ లెక్క తర్వాత. క్షమాపణ దొరికింది కాబట్టే పుస్తకం తెరిచే ధైర్యం వచ్చింది. పుస్తకం తెరవనంటున్నవాడికి ఇంకా భయం పోలేదనే నేను అర్థం చేసుకుంటాను.

లెక్క పుస్తకం

తర్వాత చాలా వారాలు మేము చేసింది ప్రార్థన, గుమస్తా పని. రెండూ. ఒక పెద్ద నోటు పుస్తకంలో ఒక్కొక్క సభ్యురాలికి ఒక పేజీ: ఎన్ని నెలలు కట్టింది, పాటలో తగ్గింపు ఎంత పోయింది, ఎత్తిందా లేదా, రావాల్సింది ఎంత. సంఘంలో బ్యాంకు నుంచి రిటైరైన ఒక అన్న పక్కన కూర్చుని కూడికలు చూశాడు.

ఇక్కడ మొదటిసారి ఈ పని చేసే కాపరులకి ఒక హెచ్చరిక: ఒప్పుకోలు వాయిదాల్లో వస్తుంది. మొదట నాలుగు లక్షలన్నాడు. పేజీలు రాస్తుంటే ఆరున్నర అయింది. ఇంకొన్నాళ్ళకి రెండో చీటీలో ఇద్దరు సభ్యులు అసలు లేరని, ఆ దొంగ పేర్ల మీద రెండో నెల, మూడో నెల పాట తనే ఎత్తుకున్నాడని బయటపడింది. మొత్తం తొమ్మిది దాటింది. ప్రతిసారీ "ఇంతే అయ్యగారూ, దేవుడి తోడు" అన్నాడు. నేను కోప్పడలేదు. కోప్పడితే తర్వాతి పొర లోపలే ఉండిపోతుంది. అలాగని నమ్మేసినట్టు కూడా కనపడలేదు, "సరే, ఇంకేమైనా గుర్తొస్తే రా" అని పుస్తకం మూసేవాణ్ణి.

దొంగ పేర్ల సంగతి చెప్పిన రోజు అతని భాషలో తేడా గమనించాను. "రాశాను" అన్నాడు. జరిగిపోయింది అనలేదు. నా నోట్సులో కన్నీళ్ళ కంటే ఈ క్రియాపదానికే ఎక్కువ గీతలున్నాయి.

యూదా కూడా డబ్బు తిరిగిచ్చాడు

నా వాదనకి అడ్డం వచ్చే వాక్యం ఒకటుంది, దాన్ని దాటేసి పోలేను. యేసుని డబ్బుకి పట్టించిన ఇస్కరియోతు యూదా పశ్చాత్తాపపడ్డాడు, నేను పాపం చేశానని నోటితో అన్నాడు, ముప్పై వెండి నాణేలూ వెనక్కిచ్చేశాడు. ఒప్పుకోలు ఉంది, చెల్లింపు ఉంది. ప్రధానయాజకులు ఏమన్నారు? "దానితో మాకేమి, నీవే చూచుకొనుము" అన్నారు. వెళ్ళి ఉరిపోసుకున్నాడు. యేసుని ఎరగనన్న పేతురు కూడా వెక్కి వెక్కి ఏడ్చాడు, కానీ మిగతా శిష్యుల మధ్యకే తిరిగి వచ్చాడు. దైవచిత్తానుసారమైన దుఃఖం, లోకసంబంధమైన దుఃఖం అని పౌలు విడదీసింది ఇదేననుకుంటాను. లోకసంబంధమైన దుఃఖం మరణం కలగజేస్తుందన్న మాటని నేను అక్షరాలా తీసుకుంటాను.

ఎందుకంటే బెట్టింగ్ అప్పులకి ప్రాణాలు తీసుకున్నవాళ్ళ వార్తలు మన పేపర్లలో మామూలైపోయాయి. లెక్క తొమ్మిది దాటిన రోజు ఇతను మరీ ప్రశాంతంగా ఉన్నాడు, అది నాకు నచ్చలేదు. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని చాలామంది కాపరులు భయపడతారు, అది నిజం కాదు, అడిగితే మనిషికి ఊపిరాడుతుంది. అనిపిస్తోందన్నాడు. ఆ రాత్రి ఒంటరిగా వదల్లేదు, బ్యాంకు అన్న అతని ఇంట్లోనే పడుకున్నాడు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ నంబరు 14416 ఇద్దరి ఫోన్లలోనూ పెట్టించాను, మర్నాడే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాం. ప్రార్థన చాలదా అన్నవాళ్ళు ఉన్నారు. జూదం వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితాలో చేర్చింది. పాపం ఒప్పుకోవడానికి నా దగ్గరికి రావచ్చు, జబ్బు చూపించుకోవడానికి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, ఒకే మనిషిలో రెండూ ఉండొచ్చు. దీంట్లో విశ్వాసానికి తక్కువేంటో నాకు అర్థం కాదు.

లెక్క అడగడం సంఘం బాధ్యత, ఆ లెక్క మోస్తున్న మనిషి పక్కన ఉండటం కూడా సంఘం బాధ్యతే. "నీవే చూచుకొనుము" అన్నామంటే మనం ఆ యాజకుల వరసలో నిలబడ్డట్టే.

ఎవరు ఎవర్ని క్షమించాలి

అందరికంటే ముందు మునిగింది భార్య. బ్యాంకు లాకర్లో ఉందనుకున్న ఆమె నగలు తాకట్టులో ఉన్నాయి. ఆమెతో మాట్లాడే పని మా ఆవిడ తీసుకుంది, సంఘంలో అమ్మగారంటే మగ పాస్టరుకి చెప్పలేనివి చెప్పుకుంటారు. వారం తిరక్కముందే బంధువులు, ఒకరిద్దరు విశ్వాసులు వచ్చి క్షమించకపోతే దేవుడు నిన్ను క్షమించడమ్మా అని మొదలుపెట్టారు. ఆ మాట చెప్పడానికి ఎవరూ ఆ గుమ్మం తొక్కొద్దని నేను ఆదివారం కూడికలోనే, పేరు లేకుండా, గట్టిగా చెప్పాను. వాక్యం అబద్ధమని కాదు. ఇంకా లెక్క పూర్తిగా చెప్పనివాడి తరఫున, దెబ్బతిన్నామె మీద ఆ వాక్యాన్ని ఎత్తడం అన్యాయం. ఆమె తన సమయం తను తీసుకుంది. పిల్లల్ని తీసుకుని పుట్టింట్లో కొన్ని నెలలు ఉంది. మేం వెళ్ళమనీ అనలేదు, రమ్మనీ అనలేదు.

పెద్దల మీటింగులో ఇంకో గొడవ. పెళ్ళప్పుడు ఆమె పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన స్థలం ఉంది, అమ్మేస్తే అందరికీ కట్టేయొచ్చు కదా అన్నారు. ఆమె అప్పులవాళ్ళలో ఒకతె, హామీ ఇచ్చినామె కాదు అన్నాను. అతని పశ్చాత్తాపానికి ఆమె ఆస్తి ఖర్చు కాకూడదు. చివరికి అతను తన వాటాకి వచ్చిన అర ఎకరం అమ్మాడు, కారు అమ్మాడు. సగం పైన తీరింది. మిగతా వాళ్ళకి ఒక్కొక్కరికీ ప్రోనోటు రాశాడు, సంఖ్యాకాండం లెక్క ప్రకారం ఐదోవంతు కలిపి, అది అతనే అడిగి వేసుకున్నాడు.

డబ్బు ఇవ్వడానికి ముందు ప్రతి ఇంటికీ వెళ్ళి నోటితో చెప్పాలన్నది నా షరతు. నేను తోడు వెళ్ళాను, మాట్లాడలేదు. వెళ్ళేముందు ఒకటే చెప్పాను: క్షమించండి అని అడగొద్దు, నేను ఇది చేశాను, మీకు ఇంత రావాలి, ఇలా కడతాను అని చెప్పు, అంతే. క్షమించమని అడిగితే అవతలివాళ్ళ నెత్తిన ఇంకో పని పెట్టినట్టు. తాగుడు మానడానికి ఒకరికొకరు సాయపడే ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్ళ పన్నెండు మెట్లలో ఎనిమిది, తొమ్మిది ఇవే, హాని చేసినవాళ్ళ జాబితా రాయడం, వెళ్ళి సరిదిద్దడం. 1935లో ఆ ఉద్యమం మొదలైంది ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ సహవాసం ప్రభావంలోనే. మన దగ్గర్నుంచి వెళ్ళిన అలవాటు బయటివాళ్ళు కాపాడుకున్నారు, మనం పాటల మధ్య పోగొట్టుకున్నాం.

కొందరు ఏడ్చారు, ఒకామె టీ ఇచ్చింది, ఒకామె భర్త చొక్కా పట్టుకున్నాడు. విధవరాలు మాత్రం పోలీస్ స్టేషన్‌కి వెళతానంది. పెద్దలు మొదటి కొరింథీ పత్రిక ఆరో అధ్యాయం తీశారు, సహోదరుల మీద వ్యాజ్యానికి వెళ్ళకూడదని. అదే అధ్యాయంలో తర్వాతి వచనం, మీరే అన్యాయం చేస్తున్నారు, అపహరిస్తున్నారు, అదీ మీ సహోదరులకే అంటుంది, ఆ వచనం ఎవరి కోసం? ఆమె వెళితే వెళ్ళనివ్వండి, ఎవరూ ఆపొద్దు, ఇతను వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెబుతాడు అన్నాను. ఆమె వెళ్ళింది. ఇతను నోటు పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళి పేజీలన్నీ చూపించాడు. పూర్తిగా ఒప్పుకుంటూ వచ్చినవాణ్ణి చూసి ఎస్సై కాసేపు తికమకపడ్డాడని బ్యాంకు అన్న ఇప్పటికీ చెప్పి నవ్వుతుంటాడు. ప్రోనోటు మీద ఆమె ఒప్పుకుంది, కేసు దాకా పోలేదు.

మళ్ళీ పడ్డాడు

తర్వాతి ఐపీఎల్ సీజన్. అప్పటికి అతని చేతిలో బటన్ ఫోనే, వచ్చిన డబ్బు అంతా భార్య ఖాతాలోకే. అయినా సైట్లో పనిచేసే కుర్రాడి ఫోన్ అడిగి తీసుకుని మూడువేలు పెట్టాడు, పోయాయి. మర్నాడు పొద్దున్నే, నేను పళ్ళు తోముకుంటుండగా, గేటు దగ్గర నిలబడ్డాడు. ఎవరూ పట్టుకోలేదు, ఆ కుర్రాడికి కూడా ఏం జరిగిందో తెలీదు. మా ఇంటికి రాకముందే భార్యకి ఫోన్ చేసి చెప్పాడట.

పెద్దలు దీన్ని ఓటమిగా చూశారు, అంతా మొదటికొచ్చిందన్నారు. నేను అలా చూడలేదు. మొదటిసారి పడటానికి, చెప్పటానికి మధ్య ఏడాదికి పైగా పట్టింది, అది కూడా గతిలేక. ఈసారి ఒక్క రాత్రి. మనిషి మారుతున్నాడా లేదా అని చూడటానికి నేను వాడే కొలత ఇదే. పడ్డాడా లేదా అని మాత్రమే చూస్తే దాచడం నేర్చుకున్నవాడే పరిశుద్ధుడుగా కనిపిస్తాడు. దాచినవాడు వర్ధిల్లడు, ఒప్పుకుని విడిచిపెట్టినవాడు కనికరం పొందుతాడు అని సామెతలు ఇరవై ఎనిమిదిలో ఉంది, రెండు క్రియలూ పక్కపక్కనే. విడిచిపెట్టడం ఆలస్యం కావచ్చు, ఒప్పుకోవడం ఆలస్యం కాకూడదు. డాక్టరు దగ్గరికి వెళ్ళడం మధ్యలో మానేశాడని తేలింది, మళ్ళీ మొదలుపెట్టించాం. ఆ తర్వాత నాకు తెలిసి పడలేదు.

ఇప్పుడు

భార్య తిరిగి వచ్చింది. డబ్బు వ్యవహారం అంతా ఆమె చేతిలోనే ఉంది, ఉంటుంది. క్షమించావా అని నేను అడగలేదు.

సంఘంలో అతను ప్రభువు బల్లకి, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధనకి, దూరంగా ఉన్నది కొంతకాలమే. రెండో కొరింథీలో పౌలు అలాంటి మనిషిని ఇక క్షమించి ఓదార్చండి, లేకపోతే దుఃఖంలో మునిగిపోతాడంటాడు, ఆ మాట పాటించాం. కీబోర్డుకి మాత్రం డబ్బు పోయిన ఆడవాళ్ళని అడిగాకే పిలిచాం. ఒకామె సంఘం మారిపోయింది, ఆమె దగ్గరికి వెళ్ళి అడిగితే వాయించుకోనివ్వండి, నేనైతే రాను అంది. కానుకలు లెక్కపెట్టే పని, ఫండు వసూలు, టూర్లకి డబ్బు పోగుచేయడం, ఇవి ఇక ఎప్పటికీ ఇవ్వం. క్షమించాం కదా, ఇంకా ఎందుకీ అనుమానం అని ఒక తమ్ముడు అడిగాడు. తాగుడు మానినవాణ్ణి వైన్ షాపు కౌంటర్లో కూర్చోబెట్టం కదా. సాక్ష్యం ఇప్పటికీ చెప్పించలేదు, అతనూ అడగట్లేదు.

అందరి నోట్లూ తీరాయి, విధవరాలిది ఒక్కటి మిగిలింది. ప్రోనోటుకి మూడేళ్ళే గడువు, దాటితే కోర్టులో చెల్లదు, మధ్యలో కొంత కట్టి నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే అక్కణ్ణుంచి మళ్ళీ మూడేళ్ళు. ఆమెకి ఈ సంగతి తెలీదు. కొన్ని నెలలు కాంట్రాక్టులు లేక కట్టలేకపోయాడు, ఈలోగా గడువు దగ్గరపడింది. ఊరుకుంటే ఆ కాగితం దానంతట అదే చచ్చిపోయేది. అతనే ఆమె ఇంటికి వెళ్ళి, అమ్మా, ఈ నెల దాటితే ఈ నోటు పనిచేయదు, బయటికి తీయండి అని చెప్పి, చేతిలో ఉన్న రెండువేలు ఇచ్చి, వెనక చెల్లు రాసి సంతకం పెట్టాడు. ఈ విషయం నాకు చెప్పింది అతను కాదు, ఆమె. వాడి మీద కోపం పోలేదయ్యగారూ అని కూడా అంది. ఇంకా నలభై వేల చిల్లర ఉంది, సంక్రాంతి తర్వాత నుంచి నెలకి నాలుగువేలు కడతానన్నాడు.